పావురాల గడియారం

నికిషోవియెత్స్‌లో ఎర్ర ఇటుకల వరస వెనక
ఒకప్పటి గని కార్మికుల స్నానాల గది
నెలాఖరు గురువారాల్లో మాది.
కప్పు నుంచి గొలుసులింకా వేలాడుతున్నాయి,
బొగ్గు బట్టలు పైకి లాగి కట్టుకున్న
కొక్కేలతో సహా.
మేం వాటికి కోట్లు తగిలిస్తాం.

అయిదుగురం. ఒక్కోసారి ముగ్గురం.
వంతెనల బరువు మోసే యుదితా,
గనిలో గాలి ఎటు పోవాలో చెప్పే బోగ్నా,
లిఫ్టుల ఒతీలియా,
ట్రాము సిగ్నళ్లతో నేను,
ఇంకా చదువు పూర్తికాని జానెతా.
మేం మాట్లాడుతుంటే కాగితం మీద గీతలు గీస్తుంది,
వింటోందో లేదో తెలీదు.

మొదట పని మాటలే.
ఏ టెండరు ఎందుకు ఆగింది,
మీటింగులో కాఫీ అయిపోతే
అందరి కళ్లూ ఎవరి వైపు తిరిగాయి.
గసగసాల కేకు సగమయ్యేసరికి
మాట చిన్నతనంలోకి జారుతుంది,
ఎవరూ తోయకుండానే.

బోగ్నా ఇంట్లో అందరూ బాకాలు ఊదేవాళ్లే.
ఆరేళ్లప్పుడు తాత పెద్ద బాకాలో
మేజోడు కుక్కింది.
ఊరేగింపులో తాత బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ
చప్పుడు రాలేదు.
ఆడది గనిలో దిగితే అరిష్టమనే ఆ తాతే
"గాలికి దారుండాలే పిల్లా" అన్నాడట.
ఏడువందల మీటర్ల లోతున
ఆ మాటే ఇప్పుడు ఫ్యాన్లతో చెబుతుంది.

మా ఇంట్లో ఏ సరదా లేదన్నాను.
నాన్నకి డబ్బూ లేదు, ఓపికా లేదు.
"మరి ఆదివారాలు?" అంది యుదితా.
రైల్వే గేటు దగ్గర నిలబడి
బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం.
సరిగ్గా చెప్పినవాళ్లకి ఉప్పులో ఊరిన దోసకాయ.
చెబుతుంటే నాకే నవ్వొచ్చింది.
నలభయ్యొకటి, నలభైరెండు...
నాన్న గొంతు నాకంటే ముందు పరిగెత్తింది.

అప్పుడు ఒతీలియా సంచిలోంచి
చెక్కపెట్టె తీసింది.
పందెం పావురాల గడియారం.
పావురం గూటికి చేరగానే
కాలి ఉంగరం ఇందులో వేసి మీట నొక్కితే
టైము ముద్ర పడుతుంది.
ఎనిమిదేళ్లప్పుడు దాన్ని విప్పింది.
బిగించాక ఒక మరమేకు మిగిలిపోయింది.
ఆ ఏడు నాన్న మచ్చల పావురం
అందరికంటే ముందు వాలింది.
గడియారమే పదకొండు నిమిషాలు ముందుకి దూకింది.
మూడో స్థానం.
నాన్న ఏమీ అనలేదు.
అనకపోవడమే మిగిలింది.
ఆ మేకు ముప్పయ్యేళ్లుగా
తాళాల గుత్తికి కట్టిన చిన్న డబ్బీలో
తనతోపాటే తిరుగుతోంది.
నాన్న మొన్న వేసవిలో పోయాడు.
"ఇవాళ పెట్టేద్దాం" అంది.

బల్ల తుడిచాం. కేకు పక్కకి జరిపాం.
ఎనిమిది చేతులు, ఒక టార్చి.
ఏ కన్నంలోనూ పట్టదు.
ఒకటి బిగుతు, ఒకటి వదులు,
ఒకటి పట్టినట్టే పట్టి జారిపోతుంది.

జానెతా పెన్సిలు కింద పెట్టింది.
జేబులోంచి మర కొలిచే ఇనప దువ్వెన తీసి
మేకుని దీపానికి ఎదురుగా పట్టింది.
"ఇది అంగుళాల మర.
గడియారమంతా మిల్లీమీటర్లు.
దీనిది కాదిది."

కాసేపు కొక్కేల చప్పుడే.
ఒతీలియా మెల్లగా అంది:
"అమ్మ కుట్టుమిషను కూడా
ఆ వారమే విప్పాను."
ఆ చలికాలమంతా అమ్మ
కుట్టు తప్పుతోందని దారాన్ని తిట్టింది.
ఎంత నవ్వామంటే
వాచ్‌మన్ తలుపు తీసి తొంగిచూశాడు.
తనూ నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ,
మేకుని పిడికిట్లోంచి వదలకుండా.

"మరి గడియారం ఎందుకు దూకింది?"
జానెతా అడిగింది.
ఎవరికీ తెలీదు.
వచ్చే గురువారానికి
నూనె, సన్న పట్కారు తెస్తానంది బోగ్నా.

గొలుసులు వదిలి కోట్లు దించుకున్నాం.
ఇంటికెళ్తూ గేటు దగ్గర ఆగిపోయాను.
ఈ మధ్య బొగ్గుబండ్లు తక్కువ.
పంతొమ్మిది.
పైకే లెక్కపెట్టాను.