పద్దెనిమిదో పేరు

ఆయన మంచి సేనానేనా అని అడగడానికి
ఏటా యుద్ధం ముగిసిన రోజున
ఎవరో ఒక కుర్ర విలేఖరి మెట్లెక్కి వస్తాడు.
ఆండీస్ కొండల మీద ఈ ఎత్తున
ఊపిరందక కాసేపు మాట్లాడలేడు.
కోకా ఆకుల టీ కాచి ఇస్తాను.
అది చల్లారేలోగా నాకు తెలిసింది చెబుతాను.
తెలియనిది అతనే రాసుకుంటాడు.

నా పేరు సతుర్నీనా తికోనా.
అధ్యక్ష భవనం నేలమాళిగలో
పంతొమ్మిదేళ్లు టెలిగ్రాఫ్ మీట నొక్కాను.
అధ్యక్షుడు అర్తేచే అంతకుముందు లామాల వైద్యుడు.
చూలు లామా పొట్ట మీద చెయ్యి వేసి
తెల్లవార్లూ కూర్చోగల మనిషి.
అర్జీ పట్టుకుని ఎవరొచ్చినా
కాగితం పక్కన పెట్టి ముందు పేరు అడిగేవాడు,
రెండేళ్ల తర్వాత అదే పేరుతో పిలిచేవాడు.
ఉప్పు మీద పన్ను పోయింది అందుకే:
పగిలిన పాదాల ముసలమ్మ ఒకామె పేరు
ఆయన నిద్రలోకి వచ్చేదట.
ఆ ఉప్పు తిన్నవాళ్లం మేమంతా.

తర్వాత సరిహద్దు రాజుకుంది.
రాజ్యాంగంలో ఒకే ఒక్క వాక్యం
ఆయన్ని రాత్రికి రాత్రి సర్వసేనానిని చేసింది.
దర్జీ వచ్చి కొలతలు తీసుకున్నాడు.
కోటు కుదిరింది, భుజాల దగ్గర తప్ప.

ఆగస్టు, మంచు రాత్రి.
జనరల్ లందీవర్ నుంచి తంతి:
"శత్రువు వంతెనకి గంట దూరంలో ఉన్నాడు. పేల్చమంటారా?
అవతలి ఒడ్డున మనవాళ్లు నలభై మంది."
కాగితం చేతికిచ్చాను.
ఆయన దాన్ని రెండుసార్లు చదివి
నెమ్మదిగా అడిగాడు: "వాళ్ల పేర్లేమిటి?"

నవ్వకు.
నేనూ ఆ క్షణాన నవ్వబోయాను.
మీట నొక్కాను. అవతల మౌనం.
ఆ మౌనంలో జనరల్ పళ్లు నూరడం
తీగ మీదుగా వినిపించిందంటే నమ్ముతావా?
తర్వాత పేర్లు మొదలయ్యాయి,
చుక్కా గీతా, చుక్కా గీతా,
ఒక్కొక్కటే, గడ్డకట్టిన వేళ్లతో ఎవరో పంపుతుంటే.
ఆయన పక్కనే నిలబడి ప్రతి పేరూ
పెదాలతో పలికాడు, దీవిస్తున్నట్టు.
పదిహేడు పేర్లు.
పద్దెనిమిదోది "హ"తో మొదలై
తీగ తెగింది.

వంతెన నిలబడే ఉంది.
దాని మీదుగానే వాళ్లు వచ్చారు.
నలభై మంది ఎలాగూ పోయారు,
వాళ్ల వెనక ఇవతలి ఒడ్డున మూడు వందల పైచిలుకు.
ఆ మూడు వందల పేర్లూ
ఆయన తర్వాత ఇల్లిల్లూ తిరిగి తెలుసుకున్నాడు,
కాలినడకన, ఆ వదులు కోటులోనే.

పేల్చి ఉంటే గెలిచేవాళ్లమన్నాడు లందీవర్.
నిజమే అనుకుంటాను. జనం కూడా నిజమే అనుకుని
ఆ కుర్చీలో అతన్నే కూర్చోబెట్టారు.
రోడ్లు తిన్నగా వేశాడు, ఊళ్ల మధ్యలోంచి.
గని కూలీలు సమ్మె కట్టి చౌకులోకి వస్తే
"ఎంతమంది?" అన్నాడు.
ఆ తంతీ నేనే పంపాను.
లెక్క కట్టడం సేనానికి చక్కగా వచ్చు.

ఇక నువ్వడిగిన మాట.
నేను పని మానేసే ఏడు
తపాలా కిటికీ దగ్గర వరసలో అర్తేచే.
గొర్రెల మందుకి మనియార్డర్ కట్టడానికి వచ్చాడు.
నన్ను పేరు పెట్టి పిలిచాడు.
జేబులోంచి మడతలు చిరిగిన కాగితం తీశాడు,
పదిహేడు పేర్లు, కింద ఒక "హ".
"ఆ రాత్రి అక్కడ నీవాళ్లెవరైనా ఉన్నారా?"

మా తమ్ముడు హిలారియోన్.
నలభైమందిలో ఎన్నోవాడో తెలియదు.
ఆ "హ" వాడిదే అయ్యుండొచ్చు,
ఆ పటాలంలో హుస్తోలూ ఉన్నారు, హసింతోలూ ఉన్నారు.
వంతెన పేల్చినా వాడు ఆ ఒడ్డునే ఉండేవాడు,
పేల్చకపోయినా ఆ ఒడ్డునే ఉండిపోయాడు.
మధ్యలో తేడా అంతా ఇంతే:
వాడి పేరు అడిగిన మనిషి ఒకడున్నాడు.

"ఎవరూ లేరండీ" అన్నాను.
రసీదు చింపి ఇచ్చాను, చిల్లర లెక్కపెట్టి.

ఎందుకలా అన్నానో
అదొక్కటీ రాయకు.
టీ తాగు, చల్లారిపోయింది.