కడగకూడని బుడ్డి

మిర్చి సీజన్‌లో గాజు చేతులు మారకూడదని
మాలో మేం పెట్టుకున్న కట్టుబాటు.
ఒక ఫిబ్రవరిలో, లాలాపేట సందులో,
లారీ మీద ఎవరిదో బస్తా చిట్లి
పేరయ్యగారు తుమ్మిన ఒక్క తుమ్ముకి
ఊదారంగు అత్తరు సీసా,
తాతల నాటిది, నేలపాలైంది.
అప్పట్నుంచి యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చాకే కలుస్తాం.

మూతపడ్డ బైండింగ్ షాపు అరుగు మీద,
ఆదివారం, ఎండ ఎక్కకముందు,
నలుగురం, నాలుగు గోనెసంచులు.
గోనెలో వరిగడ్డి, గడ్డిలో గాజు.
డబ్బు మాటెత్తినవాళ్లు అందరికీ టీ పోయించాలి.
ఇక్కడ సరుక్కి సరుకే.
ఎక్కడ దొరికిందో చెప్పే కథ
కొసరు కింద లెక్క.

నా కళ్లు ఖాసింపీరా నీలం సీసా మీదున్నాయి.
ఆరు పలకలు, పలక పలకకీ గరుకు గీతలు.
దీపం లేని రాత్రి తడిమినా
ఇది తాగే మందు కాదని వేళ్లకి తెలియాలట.
విషానికీ ఒక మర్యాద ఉండేదన్నమాట.

నేనిచ్చేది సిరాబుడ్డి.
తెనాలి, కాదు, రేపల్లె రిజిస్ట్రారాఫీసు ఎదుట
ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసిన
చిట్టూరి వెంకటప్పయ్యగారిది.
పింగాణీ ఒళ్లు, భుజాన కలం గుచ్చే రెండు గుంటలు,
అడుగున ఎండి నెర్రెలిచ్చిన సిరా,
నీళ్లు కట్టేశాక కొమ్మమూరు కాలవలా.

శనివారం రాత్రి దాన్ని కడిగాను.
తళతళలాడితే బేరం గట్టిపడుతుందని.
మొదటి నీళ్లు నల్లగా, మూడో నీళ్లు నీలంగా,
ఐదో నీళ్లలో పల్చటి వంకాయరంగు,
ఏడోసారికి ఏమీ లేదు.
తొట్టికి ఆ మరక ఇప్పటికీ ఉంది.

పీరా బుడ్డిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
చూపుడువేలు లోపల తిప్పి
వేలి కొన చూసుకున్నాడు.
"కడిగేశావా హైమవతీ" అన్నాడు.
ఇంకేం అనలేదు.
పేరయ్యగారు టీ గ్లాసు కింద పెట్టారు.

అప్పుడు తట్టింది.
ఏ మాగాణి ఎవరి చేతికి మారిందో,
ఏ అన్నదమ్ముల మధ్య గట్టు పడిందో,
ఏ వేలిముద్ర పక్కన
"ఇది ఫలానావారి నిశానీ" అని ఎక్కిందో,
ఆ మాటలకి చాలగా మిగిలిన సిరా.
ఇంకా రాయని కాగితాలన్నీ
పంపు కింద వదిలేశాను.

బేరం చెడిందనుకుని గోనె మూతి ముడేస్తుంటే
పీరా తన ముడి విప్పాడు.
ఎనిమిదేళ్లప్పుడు, మామ సోడాబండి చాటున,
ఒక్క మధ్యాహ్నంలో పదకొండు సీసాల మెడలు విరిచాడట,
పదకొండు గోలీల కోసం.
"గోలీలు సాయంత్రానికే ఓడిపోయా.
ఇప్పుడు ఇంటినిండా సోడాసీసాలే.
లెక్క మాత్రం
ఆ పదకొండు దగ్గరే ఆగింది."

నీలం సీసా నా ఒళ్లో పెట్టి
బుడ్డి తీసుకున్నాడు, ఒక షరతు మీద:
కడిగిన సంగతి కాగితం మీద పెట్టి ఇవ్వాలి,
మడిచి బుడ్డిలో దాస్తాడు.

కనుక ఇది నా సమ్మతిని, ఎవరి బలవంతమూ లేకుండా,
స్వహస్తంతో రాసి ఇచ్చిన కాగితం.
సాక్షులు: పేరయ్యగారు,
అంతసేపూ నోరు విప్పని సాల్మన్ మాస్టారు.
కొట్టివేత ఒకటి: తెనాలి.
రాసింది బాల్‌పెన్నుతో.
ఇంట్లో సిరా లేదు.