గైర్హాజరు రోజులు మినహా

నెలాఖరున నా బల్ల మీదికి ఒక జాబితా వస్తుంది.
ఏడు గళ్లు. చివరి గడి పేరు రిస్క్ అలవెన్సు.
పద్దెనిమిదేళ్లుగా ఆ గడి నింపుతున్నాను
పెదవాల్తేరు మెట్ట మీద, ఛాతీ ఆసుపత్రి జీతాల గదిలో,
కిటికీ వేసుకుని.

అవతల నలభై అడుగుల్లో వార్డు.
మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగి
దగ్గులన్నీ ఇటు మోసుకొస్తుంటే
లేచి గడియ బిగిస్తాను.
అంతే నా రిస్కు. దానికి గడి లేదు,
ఉండకూడదు కూడా.

ఎక్స్‌రే ఈశ్వర్రావుకి ఉంది.
అతని జేబుకి వేలాడే బిళ్ల మూడు నెలలకోసారి
ఎక్కడికో వెళ్లొస్తుంది,
ఒంట్లోకి ఎంత దిగిందో రాయించుకుని.
కఫం పరీక్షించే మరియదాసుకి ఉంది.
నూకరత్నానికి లేదు.
ఆవిడ దుప్పట్లు ఉతుకుతుంది.
ఫైలు మీద పై ఆఫీసు రాసిన మాట ఇంకా గుర్తు:
"రోగితో నేరుగా సంబంధం లేదు."
నిజమే.
ఆవిడ సంబంధమంతా
రోగి రాత్రంతా దగ్గిన గుడ్డతోనే.

ఆ ఒక్క వాక్యం కొట్టించడానికి మూడేళ్లు పట్టింది.
యూనియన్ వాళ్లు ఆశీల్‌మెట్టలో ఎండలో కూర్చున్నారు.
నేను పాత సర్క్యులర్లు వెతికి, దొంగలా,
టిఫిను క్యారేజీ సంచిలో పెట్టి పంపాను.
నెలకి ఆరువందల యాభై.
ఆర్డరొచ్చిన రోజు నూకరత్నం
వంజరం ముక్కలు వేయించి పొట్లం కట్టి తెచ్చింది.
"బాబూ, ఈ డబ్బులు దేనికిత్తన్నారు?"
ప్రమాదం ఉంది కదా, అందుకని.
"ఉంటే దాన్ని తీసీమనండి. డబ్బులెందుకు?"
నవ్వాను. ఆవిడా నవ్వింది.
చేప చాలా బాగుంది.

ఆషాఢంలో గాజులు మోచేతి దాకా జారుతున్నాయని
ముందు చూసింది మరియదాసు.
డబ్బా మీద పేరు రాయబోయి ఆగాడట.
పదకొండేళ్లుగా రోజూ పలకరించే మనిషి,
ఇంటిపేరు తెలీదు.
ఫలితం ఎర్ర సిరాతో వచ్చింది. రెండు ప్లస్సులు.

ఆడవాళ్ల వార్డు, పదమూడో మంచం.
కప్పుకున్నది తను ఉతికిన దుప్పటే.
అంచున నీలిమందు మరక పట్టి చూపించిందట నర్సుకి:
"ఇది ఎంత బాదినా వదల్నేదమ్మా."

జాబితా వచ్చింది.
నూకరత్నం. హాజరు, తొమ్మిది.
రూలు ఆరో పేరాలో ఉంది,
టైపు చేసింది నేనే, కామాలతో సహా:
ప్రమాద స్థలమందు వాస్తవముగా పనిచేసిన దినములకు మాత్రమే,
సెలవు, గైర్హాజరు రోజులు మినహా.
ఆరువందల యాభైని ముప్ఫైతో భాగించి
తొమ్మిదితో హెచ్చవేశాను.
నూట తొంభై అయిదు.
పైసా మిగల్లేదు. అంత చక్కగా తెగే లెక్క
నా సర్వీసులో అరుదు.

డబ్బు బ్యాంకులో పడుతుంది గానీ
వేలిముద్రల పుస్తకం ఇంకా పోలేదు.
బంట్రోతు సెలవు. నేనే తీసుకెళ్లాను.
పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆ తలుపు తోశాను,
మాస్కు మీద మాస్కు వేసుకుని, ఊపిరి పొదుపు చేసుకుంటూ.

బొటనవేలికి సిరా అద్దుకుని
అంకె చూసి ఆగింది.
"తగ్గిందేటి బాబూ?"
హాజరు లేదు కదా అన్నాను, దుప్పటితో చెప్పినట్టు.
కోపం రాలేదు ఆవిడకి. నిజంగానే అర్థం కాలేదు.
"అప్పుడు సాయంత్రానికి ఇంటికెలిపోయేదాన్ని.
ఇప్పుడు రేత్తిరీ పగలూ ఇక్కడే ఉన్నాను గదా.
ఆజరు ఎందుకెయ్యనేదు?"

పుస్తకం మూసి వచ్చేశాను.
సంతకాల మధ్య ఆ ముద్ర ఆరక
ఎదుటి పేజీలో ఈశ్వర్రావు పేరుకి అంటుకుంది.

ఈ సాయంత్రం ఆవిడ గడిలో
పెన్సిలుతో ముప్ఫై వేశాను.
పెన్సిలుతో వేసింది ఆడిట్ వాళ్ల దృష్టిలో అంకె కాదు.
తెలుసు.
కిటికీ రెక్క తెరిచే ఉంది,
లేవడం మర్చిపోయాను.