మొదటి బండి

హెబ్బాళ ఫ్లైఓవర్ కింద అయిదున్నరకే
బస్సులు దగ్గుతున్నాయి.
యలహంక దాటి, దేవనహళ్లి దాటి,
ద్రాక్షతోట కంచె చివర ఎడమకి దిగితే
తారు అయిపోతుంది.

అక్కడ ఆగి
రెండు టైర్లలోంచీ గాలి కొంచెం వదిలేస్తాను.
బొటనవేలితో నొక్కితే
చపాతీ పిండిలా లొంగాలి.
గట్టిగా ఉన్న టైరు ప్రతి రాయికీ ఎదురు చెబుతుంది.
ఇది నేర్చుకోవడానికి నాకు మూడు ట్యూబులు పట్టింది.

చిన్న రైలు నడిచిన కట్ట ఇది.
పట్టాలు ఎత్తుకుపోయారు.
స్లీపర్లు ఎవరి పశువుల కొట్టానికో దూలాలయ్యాయి.
కంకర ఒక్కటే
మోసుకుపోవడం దండగనిపించి మిగిలింది.

ఎగువే, కానీ తెలియదు.
రైలుకు ఆయాసం రాకూడదని
ఎప్పుడో ఎవరో గొలుసు పట్టి కొలిచి
గుట్టను నిదానంగా ఒప్పించారు.
ఆ మర్యాద
ఇప్పుడు నా మోకాళ్లకి అందుతోంది.

నీలగిరి తోపులో మంచు ఇంకా లేవలేదు.
టైర్ల కింద కంకర
ఎవరో అటుకులు నములుతున్నట్టు.
అప్పుడప్పుడూ కాళ్లు చాపుకుని
నెత్తి మీదుగా దిగే విమానం.
దానికీ నాకూ ఇవాళ పేచీ లేదు.

మలుపుకి ముందు ఒక ఇనుప పలక,
డ్రైవర్లను ఈల వేయమని చెప్పేది.
తుప్పు తినగా ఒకటిన్నర అక్షరం ఉంది.
దాని మాట తీసెయ్యలేక
ప్రతిసారీ గంట కొడతాను.
మలుపు అవతల ఎవరుంటారని?

ఉన్నారు.

కట్టంతా ఉలవ కంప పరిచి
చేట ఒళ్లో పెట్టుకుని లగుమమ్మ.
"రోడ్డు మీద ఏస్తే బైకులోళ్లు జారి పడి
నన్ను తిడతారప్పా. ఈడ ఏసినాను.
ఈడ తిట్టేవాళ్లు లేరు, తొక్కేవాళ్లూ లేరు.
పొద్దు పొడిచినకాడ్నుంచి చూస్తా ఉండా.
నువ్వే మొదటి బండి."

బండినా నేను?
బళ్లు లేని దారి కోసం
ఎన్ని ఆదివారాలు తిరిగి, ఎన్ని కుక్కలతో రాజీపడి
ఇది కనుక్కున్నాను!

"నాలుగు తూర్లు తిరుగు. నీ సొమ్మేం పోతుంది."

తిరిగాను. కాయలు చిటచిటమన్నాయి.
నాలుగు పద్నాలుగయ్యాయి.
ఒకసారి చక్రం జారి పడ్డాను కూడా, మెత్తగా,
పొట్టులోకి.
నవ్వు ఆపుకుని అడిగింది, సైకిలు ఎంతని.
సగానికి తగ్గించి చెప్పాను.
ఆ సగానికే
చేట ఆడడం ఆగిపోయింది.
"అంత తీసుకుని క్యారియర్ ఈలేదా?
ఉంటే నేనూ ఎక్కి కూర్చుందును,
బరువు చాల్లేదు నీది."

రైలున్న రోజుల్లోనూ ఇక్కడే పరిచేవారా అన్నాను.
"అప్పుడు రైలు కింద ఏస్తామా?
రైల్లో ఏస్తాం. మూటలు."

కంప తిరగేసింది. మళ్లీ తొక్కాను.
ఎండ ఎక్కింది. మంచు ఎప్పుడు పోయిందో
నందికొండ మొత్తం బయటికొచ్చి నిలబడింది.
నేను దాని వైపు వెళ్లాల్సినవాణ్ణి.

పావుసేరు ఉలవలు
నా చేతిరుమాల్లోనే కట్టి ఇచ్చింది.
వద్దన్నాను.
"కూలి," అంది, చేట చూస్తూ.

సోమవారం ఆఫీసులో తిమ్మరాజు
నా ఫోనులో దారి చూస్తున్నాడు.
సాగదీసిన దారంలా గీత,
మధ్యలో ఒకచోట నల్లటి చిక్కుముడి.
"ఇక్కడ దారి తప్పారా సార్?"

బూటు అడుగున ఇరుక్కున్న గింజ ఒకటి
బల్ల కింద నేలకేసి నొక్కుకుంటూ
అవుననాలో
కాదనాలో తేల్చుకోలేకపోయాను.