వేడి చేసి ఉంచకండి

ఫోన్లో ఒక్కటే అడిగాను:
నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.
చల్లటి ఇంజినే నిజం చెబుతుందని
సత్తార్ భాయ్ మాట.

బర్కత్‌పురాలో దేశ్‌పాండే గారి వాకిట్లో
టార్పాలిన్ లాగితే లేచిన దుమ్ములో
తొంభై ఎనిమిది నాటి కాంటెస్సా, డీజిల్.
గోడ వైపు ఇంకా మీగడ రంగే,
ఎండ పడే వైపు అడుగంటిన పాలు.
రాష్ట్రం రెండయినా
ఏపీ పదకొండు అంటేనే పలికేలా ఉంది.

నాకు నలభై మూడు. ఇది నా మొదటి కారు.
మేనల్లుడు వికాస్ రెండు నెలలుగా
తెల్లటి చిన్న కార్లు చూపిస్తున్నాడు,
చప్పుడే ఉండదత్తా, ఉన్నట్టే తెలీదు అంటూ.
చప్పుడు లేకపోవడం నాకు కొత్తా?
పద్దెనిమిదేళ్లుగా కోఠి ఆసుపత్రిలో
మెత్తలు కుట్టిన గోడల గదికి ఇవతల కూర్చుని
అద్దంలోంచి మనుషుల వేళ్లు చూస్తున్నాను.
వినిపిస్తే నొక్కండమ్మా,
వినిపించకపోతే నొక్కకండి.
వినిపించకపోయినా నొక్కుతారు పాపం,
తప్పుతామేమోనని.

దేశ్‌పాండే గారు తాళం సగం తిప్పారు.
నారింజ రంగు చుట్ట ఒకటి వెలిగింది.
ఆగాలి, అన్నారు, అది ఆరేదాకా.
ముగ్గురం ఆగాం.
ఎదురింటి మేడ మీద ఆరేసిన చీరలూ ఆగాయి.
తర్వాత ఒక దగ్గు. ఇంకోటి.
పాత చలికాలాలన్నీ గొంతులో కదిలి
నల్లటి పొగ మేడ దాకా లేచింది,
పైనుంచి ఒక ఆడగొంతు
దేశ్‌పాండే గారి వంశమంతటినీ తలుచుకుంది.
బండి మాత్రం అందుకుంది.
డగడగా, డగడగా,
నా చెప్పుల్లోంచి మోకాళ్ల దాకా.

అప్పుడు సత్తార్ భాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి
మొన ఇంజిన్‌కి ఆనించి
పిడి పళ్లతో కరిచి పట్టి
కళ్లు మూసుకున్నాడు.

నలభై ఏళ్లు షెడ్డులో.
అలాంటి చెవుల గ్రాఫులు రోజుకి ఆరు గీస్తాను,
బాగానే నడుస్తూ నడుస్తూ
నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర
గోతిలో పడే గీతలు.
ఈ డగడగ వినిపిస్తుంది.
కుక్కర్ కూత వినిపించదు.
మనవరాలు "స" అన్నా "ష" అన్నా
అతనికి రెండూ గాలే.

"నాలుగోది జర అలిగింది," అన్నాడు పిడి తుడుచుకుంటూ.
"ఇంజెక్టర్. అది నా జిమ్మా."
లక్షా నలభై అన్నది
లక్షా ఇరవై రెండు దగ్గర ఆగింది:
ఇంజెక్టర్‌కి పది,
మేడ మీదికెళ్లి చీరలకి క్షమాపణ
నేను చెప్పొచ్చినందుకు ఎనిమిది.
తాళంతో పాటు ఒక చిన్న డైరీ ఇచ్చారాయన,
డీజిల్ పోయించిన ప్రతి రోజూ, ప్రతి లీటరూ.
చివరి పేజీలో లీటరు నలభై రెండు.
ఆ తర్వాత తెల్ల కాగితాలు,
నాకు సరిపోయేటన్ని.

గేటు దాటుతూ అన్నాను,
ఒకసారి ఆసుపత్రికి రా భాయ్, పరీక్ష చేస్తా, పైసలుండవు.
రెండోసారి గట్టిగా అన్నాను.
"నాకు ఇనబడాల్సింది ఇనబడ్తుంది మేడం.
మీరు క్లచ్చి మీది కాలు తియ్యండి."

మూడో గేరు ఎక్కడుందో
నేనూ బండీ కలిసి వెతుక్కుంటూ
కాచిగూడ చౌరస్తా.
అక్కడ ఎడమకి తిప్పినప్పుడు వేసిన ఇండికేటర్
తనంతట తాను ఆరలేదు.
టిక్కు, టిక్కు, టిక్కు.
చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ వాసన లోపలికొచ్చింది,
అద్దం పైకెక్కదు.
సత్తార్ భాయ్ డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి,
మనవరాలి నుదురు చూసినట్టు,
"చూసిన్రా, ఎంత నిమ్మళంగ ఉందో," అన్నాడు,
"ఒక్క ఫాల్తూ చప్పుడు లేదు."

లేదు భాయ్, అన్నాను.

మలక్‌పేట దాకా
ఎడమకి తిరుగుతామని ఊరందరికీ చెబుతూ
తిన్నగా వెళ్లాం.