నూట పన్నెండో పేజీ

డెస్మండ్ గారూ,
మీ పుస్తకంలో నేనున్నాను.
నూట పన్నెండో పేజీ, పైనుంచి నాలుగో పేరా:
లావుపాటి పోస్టావిడ ఉత్తరాలు గాల్లోకి చల్లి
గేటెక్కి కూచుని దేవుణ్ణి పిలిచిందట.
డనీడిన్ ఊరంతా అక్కడే నవ్విందట.
లైబ్రరీలో ముప్ఫై మంది తర్వాత నా వంతు వచ్చింది.
ఆ పేజీ మూల మడతలు పడి పడి
చిరగడానికి సిద్ధంగా ఉంది.

నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.
బాగా రాశారు.
అదే నా బాధ.

పద్నాలుగు కుట్లు మీరు రాయలేదు.
ఎడమ పిక్క. ఇప్పటికీ వాన సంగతి
రేడియో కంటే ముందు అదే చెబుతుంది.
సరే, నవ్వుల కథకు కుట్లు బరువు.
వదిలేద్దాం.

మరి బోసన్ నీళ్ల గిన్నె?
అంచున పాచి, అడుగున ఎండిన ఆకు.
రోజూ పదిన్నరకి గేటు సందులోంచి చెయ్యి పెట్టి
నా సీసాలో సగం అందులో ఒంపేదాన్ని.
ఎనిమిది నెలలు ఆ కుక్క నా చెయ్యి నాకింది.
ఒక్కరోజు కరిచింది.
అప్పటికి మీరు ఆక్లండ్ వెళ్లి మూడు రోజులు.
గొలుసు మెడలోకి దిగి, దిగి,
మూడో రోజు కొక్కెం ఊడింది.
తొమ్మిదో అధ్యాయంలో చదివాను ఆ మూడు రోజులూ:
వైన్ చాలా బాగుందట.

"వాడికి పట్టీ అంటే పడదు, నాలాగే స్వేచ్ఛాజీవి."
నలభయ్యో పేజీ.
ఇంటి దగ్గర గొలుసు, బీచిలో స్వేచ్ఛ,
రెండూ మీ వీలును బట్టే.
పేజీ తిప్పితే, ఒక ఉదయం వాడు
సముద్రం నుంచి మీకో కానుక తెచ్చాడు.
ఆ కానుక పేరు కొరోరా.
నీలి పెంగ్విన్. కిలో బరువుండదు.
నైరీ కట్టిన చెక్కగూట్లో దానికి రెండు పిల్లలు.
తండ్రి ఒక్కడు తెచ్చిన చేపలు చాల్లేదు.
నాలుగో రాత్రికి గూట్లో చప్పుడు ఆగింది.
నైరీ తన నోటుబుక్కులో
పదిహేడో నంబరు కొట్టేసింది.
మీకో ఉత్తరం కూడా రాసింది.
నాకెలా తెలుసంటారా?
మీ పెట్టెలో వేసింది నేనే.
మూడొందల పేజీల్లో వెతికాను,
ఆ ఉత్తరం ఎక్కడా అందలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నారు.
పెంచలేక, పుట్టుకతోనే పోకిరి అన్నారు,
అట్ట మీద కూడా అదే మాట, బంగారు అక్షరాల్లో.
కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు కదా,
చెప్పు నా చేతిలోనే ఉంది.
నలభై ఏళ్లు చిరునామాలు చదివినదాన్ని,
ఏ గుమ్మానికి చేర్చాలో నాకు తెలియదా?

చివరి అధ్యాయంలో ఏడ్చాను.
"ఒక మధ్యాహ్నం నిశ్శబ్దంగా వెళ్లిపోయాడు" అన్నారు.
వెళ్లలేదండీ. పంపారు.
మునిసిపాలిటీ బండి వచ్చింది, ఇద్దరు మనుషులు, ఒక పొడవాటి కర్ర.
నేను ఫిర్యాదు చెయ్యలేదు, ఆసుపత్రి చేసింది.
కాగితం మీద సంతకం మాత్రం నాది.
మత్తులో ఉన్నాను, చదవలేదు.
ఊళ్లో అందరి ఉత్తరాలూ జాగ్రత్తగా అందించిన మనిషిని
నా ముందు పెట్టిన ఒక్క కాగితం
చదవకుండా పంపేశాను.
కాబట్టి ఈ పుస్తకంలో నేను
మీరనుకున్న చోటే కాదు, ఇంకోచోట కూడా ఉన్నాను.

ఎదురింటి కుర్రాడు నిన్న కుక్కపిల్లని తెచ్చాడు.
పెద్ద పాదాలు, బోసన్ జాతే.
మీ పుస్తకం చదివాడట. పేరు కూడా బోసనే.
పట్టీ కొన్నావా అంటే నవ్వాడు.

రేపు పుస్తకం వాపసు ఇవ్వాలి.
లైబ్రరీ పుస్తకాల్లో రాయకూడదు, తెలుసు.
పెన్సిలుతోనే రాశాను, చిన్న అక్షరాలతో,
నూట పన్నెండో పేజీ అంచున,
తర్వాత నవ్వబోయే వాళ్ల కోసం:

గిన్నెలో నీళ్లు లేవు.