పిడి నా మొలలో

టుకునా, అద్దాలు తుడవడం తరవాత, ముందిలా రా.
బరంపురం పట్టు షావుకారు గోవాలో బేరమాడి తెచ్చిన
ఈ పాత తెల్ల మోటారు పడవలో
వచ్చినవాళ్ళకి చూపించేవి సోఫాలు, ఐసు పెట్టె, పాటల డబ్బా.
నీకు నేను చూపించేది
మెట్ల కింద పలక ఎత్తి
మోకాళ్ళ మీద దూరాల్సిన చోటు.

ఇదిగో ట్యాంకు. నూట ఇరవై లీటర్లు.
గేజీ ఉందిగాని దాని మాట నమ్మకు,
మూడు నెలలై సగం, సగం అనే అంటోంది.
వేలి కణుపుతో తట్టు. పైన డబడబ.
ఇంకా కిందికి.
ఇంకొంచెం.
ఆగు. ఇక్కడ గొంతు మూగపోయింది, విన్నావా,
అంతవరకూ నిండినట్టు.
మా అమ్మ పనసకాయని ఇలాగే అడిగేది.

ఈ సన్న గొట్టం దీని ఊపిరి.
పై కన్నంలో సాలీడు గూడు కట్టిందో
లోపలి కంపు తిరగబడి భోజనాల బల్ల దాకా వస్తుంది.
పోయిన మాఘంలో పెళ్ళివారు
పీతల కూర విస్తళ్ళలో వదిలేసి పైకి పరుగెత్తారు.
సెంటు కొట్టమన్నాడు షావుకారు.
నేను చీపురుపుల్ల పట్టుకెళ్ళాను.

మీట అటు తిప్పితే తడి, ఇటు తిప్పితే పొడి.
పంపు ఇరవైసార్లు కొట్టాలి.
దొరగారు మూడుసార్లు కొట్టి పోతాడు,
మిగతా పదిహేడూ మనవే.
నోట్లోంచి లోపలికి పోనిదేదీ ఇందులోకి పోకూడదు:
ఈ మాట ఒడియాలో రాసి తలుపుకి అంటించు,
ఇంగ్లీషులో ఉన్నది చూసి తల దువ్వుకుంటున్నారు అంతే.

ఇక ఈ ఎర్ర మూతి.
దీని పిడి తిప్పితే అడుగు తెరుచుకుని
అంతా చిలికాలోకి. ఒక్క నిమిషం పని.
రంభ రేవుకి సెప్టిక్ లారీ రాని రోజున
ఫోన్లో షావుకారు గొంతు తగ్గిస్తాడు:
"రాత్రి ఘంటశిల దాటాక కానిచ్చెయ్ కూర్మయ్యా."
అందుకే పిడి ఊడదీసి మొలతాడుకి కట్టుకున్నాను.
ఏ దేవుడి తాయెత్తయ్యా ఇంత బరువు, అంది మా ఆవిడ.

నవ్వకు. నువ్వేటి అడుగుతావో తెలుసు.
మీవాళ్ళు నోళియాలంటారే, గోపాలపురంలో
ఆ వాడలోనే పుట్టాను.
వేకువజామున ఊరూరంతా ఇసకలోనే,
అల వచ్చి కడిగేది.
సర్కారు కట్టించిన దొడ్లో
మా అన్న ఇప్పటికీ వలలు దాస్తాడు,
తలుపు గట్టిది, ఎలకలు దూరవని.
అవును, ఆ చేతులే ఇవి.
కాకపోతే సముద్రం పట్టుకెళ్ళిపోతుంది.
చిలికా ఎక్కడికి పట్టుకెళ్తుంది చెప్పు?
మోకాలు లోతున దాని కడుపులో ఏముందో
రొయ్యకి తెలుస్తుంది, తరవాత మనకి.

ఇంకోటుంది. చెప్పకూడదనుకున్నాను.
లారీ వచ్చి, గొట్టం తగిలించి,
గుడగుడ పీల్చి, రెండు వేలు పుచ్చుకుని పోతుందా,
ఒకరోజు సైకిలు మీద వెనకాలే పడ్డాను.
రైలు గేటు దాటింది. జీడితోటలు దాటింది.
గెడ్డ ఒడ్డున ఆగింది.
ఆ గెడ్డ ఎక్కడ కలుస్తుందో నీకు చెప్పాలేటి,
ఈత అందులోనే కదా నేర్చావు.
డ్రైవరు బీడీ ఇచ్చాడు.
తీసుకున్నాను. వెలిగించాడు కూడా.

వచ్చి, పంపు విప్పి, పాచి పట్టిన గొట్టంలో వెనిగరు పోసి,
అరిగిన రబ్బరు నాలుక మార్చి, చీకటి పడేదాకా
ఏదో ఒకటి బిగిస్తూనే ఉన్నాను.

బరంపురంలో శుద్ధి చేసే చోటుందిట.
అక్కడికైతే మూడున్నర వేలు, పోసినట్టు చీటీ ఇస్తారుట.
చీటీ తెస్తేనే డబ్బు అన్నాను. గొడవైంది.
షావుకారు నెల జీతంలో కోసుకుంటానన్నాడు, కోశాడు.
మొన్న డ్రైవరు చీటీ తెచ్చాడు.
ముద్ర ఉంది. తేదీ లేదు.

ఆదివారం నా కంటి ఆపరేషను. నాలుగు రోజులు రాను.
ఇదిగో, పట్టుకో.
జేబులో కాదురా, జేబులోంచి జారుతుంది,
అడిగితే తీసి ఇచ్చేస్తావు కూడా.
మొలకి కట్టు.
ఆఁ. ఇప్పుడు మళ్ళీ తట్టు చూద్దాం.
ఎక్కడి దాకా?